తేట నేర్చిన చెయ్యి

ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజే మాణిక్యానికి ఒళ్ళు మండింది. ముప్ఫై రెండేళ్ళు గాడిపొయ్యి ముందు నిలబడి వెయ్యిమందికి వండిన మనిషిని తీసుకొచ్చి, మోకాళ్ళు పట్టని బల్ల వెనక కుదేసి, ఎదురుగా ఒక తెర పెట్టి, "ఒకటో తరగతిలో చేరామనుకోండమ్మా" అంటే మండక ఏం చేస్తుంది? ఆ మాట అన్నవాడు కిరీటి. నలభై ఏళ్ళుంటాయి. పేరుకి పాఠం చెప్పేవాడు, నిజానికి గడియారం చూసేవాడు.

నేర్చుకోవలసింది తేట. కంప్యూటరుకి పని పురమాయించే భాష. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా నేర్చుకోవాలని తెలుగు మాటలతోనే తయారుచేశారు. మాణిక్యానికి దానితో పనేమిటంటే, ఆమె జట్టుకి వంటపని ఇచ్చే గవర్రాజు తన కల్యాణమండపాలన్నిటికీ ఆవిరి గుండిగలు కొన్నాడు. అవి తేటలో చెబితేనే ఉడికిస్తాయి, తిప్పుతాయి, ఆగుతాయి. "శివరాత్రి వెళ్ళాక తేట రానివాళ్ళు నా వంటశాల గుమ్మం తొక్కక్కర్లేదు" అని గవర్రాజు జట్టు మొత్తానికీ చెప్పేశాడు. మాణిక్యం జట్టులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. తొమ్మిదిమందినీ కాకినాడలోని మేధ సంస్థకి తోలాడు.

కిరీటి బోర్డు మీద రెండు వరుసలు రాశాడు. 'ఉప్పు = 4'. దాని కింద 'ఉప్పు = ఉప్పు + 1'.

"ఇదేంటండీ" అంది మాణిక్యం. "ఉప్పూ, ఉప్పు మీద ఒకటీ సమానం ఎలా అవుద్దండీ? నాలుగూ ఐదూ ఒకటేనా?"

"అది సమానం కాదని పదిసార్లు చెప్పానమ్మా. ఉప్పు అనేది ఒక డబ్బా. డబ్బాలో ఉన్నదానికి ఒకటి కలిపి, మళ్ళీ అదే డబ్బాలో పెడుతున్నాం."

"మరి సమానం గుర్తెందుకు పెట్టారండీ? బాణం గుర్తు పెట్టుకోవచ్చుగా."

కిరీటి బల్ల మీద సుద్దముక్క టకటకా కొట్టి, "ఇలా అడ్డం మాట్లాడితే ఈ జన్మకి రాదు" అన్నాడు. వెనక బల్లమీద కూర్చున్న లోవ కిసుక్కుమంది. లోవ మాణిక్యానికి ఆడపడుచు. అన్న పోయినప్పటినుంచి వదిన ఇంట్లోనే ఉంటోంది, వదిన దగ్గరే ఇరవై ఏళ్ళుగా పని నేర్చుకుంది. ఆ నవ్వు వదిన మీదో పంతులు మీదో తెలియలేదు గాని, మాణిక్యానికి మాత్రం గుచ్చుకుంది.

మూడు నెలలు అలాగే గడిచాయి. పరీక్ష పెట్టినప్పుడల్లా తొమ్మిదిమందీ తప్పారు. మూడోసారి ఫలితాలు అంటించినరోజు గవర్రాజు ఫోను చేసి, "మీకన్నా ఆ గుండిగలకే తెలివుంది" అన్నాడు. మాణిక్యం ఫోను పెట్టేసింది. పళ్ళు మాత్రం ఆ రాత్రంతా నూరుతూనే ఉంది.

అప్పుడు పిలిచింది డాక్టర్ పరిమళ. సంస్థకి పెద్ద ఆవిడే. ఎనిమిదేళ్ళు కష్టపడి ఒక పట్టీ తయారుచేసింది. నుదుటి చుట్టూ కట్టుకుని కుర్చీలో కూర్చుంటే తొమ్మిది పూటల్లో తేట మొదటి పాఠాలన్నీ వచ్చేస్తాయని చెప్పింది. తన దగ్గర పనిచేసే పన్నెండుమంది మీద ఇప్పటికే చూశాననీ, ఏ ఇబ్బందీ రాలేదనీ, బయటివాళ్ళలో మాణిక్యమే మొదటి మనిషనీ చెప్పింది.

"మీరు ఒప్పుకుంటే మిగతావాళ్ళకీ ధైర్యం వస్తుంది" అంది.

మాణిక్యం ఒప్పుకుంది. ధైర్యం కోసం కాదు, కిరీటి మీద కసితో.

కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ బిగించాక పరిమళ అడిగింది. "మీకు బాగా అలవాటైన పని ఒకటి, కళ్ళు మూసుకుని చేస్తున్నట్టు తలుచుకోండి."

మాణిక్యం పనసపొట్టు కూర తలుచుకుంది. ఆ కూరకే ఆమెకి పేరు. పొట్టు పసుపు వేసి ఉడకబెట్టడం, వార్చి పిండడం, పోపు, చింతపండు పులుసు, ఉప్పు, దించి చల్లారాక ఆవ పెట్టడం. ఆలోచన అక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి. పట్టీ కణతల దగ్గర వెచ్చబడింది. ఎదుటి తెర మీద ఒక గీత వెలిగి, లావై, కొమ్మలు వేసింది.

"అబ్బ, ఎంత పెద్ద దారండీ" అంది పరిమళ తెర చూస్తూ. "మావాళ్ళ పన్నెండుమందిలో ఒక్కరికి కూడా ఇంత లేదు. ఎక్కువ నడిచిన దారి ఉంటే దానిమీద పాఠం పరచడం తేలిక. మీకు తొందరగా వస్తుంది చూడండి."

ఆవిడ ముఖం నిజంగానే వెలిగిపోయింది. మాణిక్యానికి కూడా గర్వమనిపించింది. ఆ దారి ఏమిటో, దానిమీద పరచడమంటే ఏమిటో అడగాలని తోచలేదు.

నాలుగో పూటకి 'ఉప్పు = ఉప్పు + 1' పసిపిల్లల లెక్కలా కనిపించింది. కొత్తది లోపలికి వెళ్తే పాతది పోతుంది, అంతే కదా, దీనికా నేను మూడు నెలలు కొట్టుకున్నది అనుకుంది. ఆరో పూటకి 'అయితే', 'లేకపోతే' వచ్చాయి. ఏడో పూటకి 'వరకు' వచ్చింది. ఎనిమిదో రోజున కిరీటి బోర్డు మీద 'నూనె తేలేవరకు తిప్పు' అని ఒక పద్ధతి రాస్తే, మాణిక్యం చెయ్యెత్తింది.

"అది ఆగదండీ."

"ఏది?"

"మీరు రాసింది. తిప్పమన్నారు గాని, ఒక్కో తిప్పుకీ నూనె సంగతి చూడమని లోపల రాయలేదు, బయట రాశారు. తెల్లారేవరకూ తిప్పుతూనే ఉంటది. ఆ వరుస లోపలికి జరపండి."

కిరీటి చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. వరుస లోపలికి జరిపాడు. మాణిక్యానికి అంత సంతోషం ఏ పెళ్ళివారు పట్టుచీర పెట్టినప్పుడూ కలగలేదు. తొమ్మిదో పూట ఒక శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ముగిసింది. నలభై ప్రశ్నల పరీక్షలో ముప్ఫై తొమ్మిది వచ్చాయి. గవర్రాజు ఈసారి "మాణిక్యంగారూ" అన్నాడు.

అది పుష్యమాసం. ముహూర్తాల్లేవు, వంటల్లేవు. ఇంట్లో వంట మొదటినుంచీ లోవదే. మాణిక్యం రోజూ గవర్రాజు వంటశాలకి వెళ్ళి వేణ్ణీళ్ళతో ఆవిరి గుండిగల చేత గంతులేయించేది. ఆ రెండు వారాలూ ఆమెకి దేనిలోనూ లోటు కనబడలేదు.

మాఘంలో మొదటి ముహూర్తం బుధవారం వచ్చింది. తొమ్మిది వందల ఆకులు. లేత పనస అప్పుడే దిగింది, పెళ్ళివారు పనసపొట్టు కూర అడిగి మరీ చేయించుకుంటున్నారు. ఆ మండపంలో ఆవిరి గుండిగలు ఇంకా బిగించలేదు కాబట్టి వంట గాడిపొయ్యి మీదే. పొట్టు ఉడికి, పోపు వేగి, పులుసు పోశాక మాణిక్యం అలవాటుగా ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గుప్పెడా? రెండు గుప్పెళ్ళా? పిడికిలి ఎంత బిగించాలి? ఎప్పుడూ అడగని ప్రశ్నలు ఇవి. ఎప్పుడూ చెయ్యే చెప్పేది. ఇప్పుడు ఉప్పులో వేళ్ళు ఆడిస్తున్నా చెయ్యి ఏమీ చెప్పడంలేదు, ఎవరో పక్కవాళ్ళ చెయ్యి తెచ్చి తన భుజానికి తగిలించినట్టుంది. తల మాత్రం చకచకా పనిచేస్తోంది: ఉప్పు అనే డబ్బా ఉంది, దానిలో అంకె లేదు, అంకె లేకుండా ముందుకి పోకూడదు.

"వెయ్యి వదినా, అడుగంటుద్ది" అంది లోవ తెడ్డు తిప్పుతూ.

"ఎంత?"

లోవ నవ్వింది. తర్వాత వదిన ముఖం చూసి నవ్వు ఆపింది. తనే వచ్చి గుప్పిట నింపి ఉప్పు చల్లేసింది. చుట్టూ ఉన్న ఏడుగురు ఆడవాళ్ళూ కూరలు తరగడం ఆపి చూశారు.

వంట దగ్గర రుచి చూడటమనేది వాళ్ళ జట్టులో లేదు. దేవుడికి నైవేద్యం వెళ్ళకుండా నాలిక మీద బొట్టు వేసుకుంటే గుండిగంతా ఎంగిలైనట్టే. మాణిక్యానికి పని నేర్పినావిడ అలాగే నేర్పింది, మాణిక్యమూ అలాగే నేర్పింది. అంచేత వాళ్ళకి ఉన్నవల్లా చెయ్యీ ముక్కూ. ఆ రెండూ తప్పితే దిద్దుకునే దారి లేదు.

గుండిగ దించాక ఆవ పెట్టాలి. కూర వేడిమీద ఉండగా పెడితే ఆవ చేదెక్కుతుంది.

"ఇంకా చల్లారలేదు వదినా" అంది లోవ.

అందరి ముందూ పోయిన పరువు ఎక్కడో ఒకచోట నిలబెట్టుకోవాలనిపించింది మాణిక్యానికి. ఆవిరి వాసన పీల్చింది. ఏమీ తెలియలేదు. "నాకు చెప్తావా?" అని ఆవముద్దంతా ఒక్కసారే కలిపేసింది.

పంక్తిలో తొమ్మిది వందల ఆకుల మీద కూర కూరగానే మిగిలిపోయింది. పెళ్ళికొడుకు మేనమామ, "ఇది పనసా, వేపా?" అని గట్టిగా అడిగాడు. గవర్రాజు వంటశాలలోకి వచ్చి, "ఎవరు చేశారిది?" అని అరిచాడు. లోవ తల దించుకుంది.

"నేనేనండి" అంది మాణిక్యం.

మర్నాడు పొద్దున్నే ఆమె మేధ సంస్థ మెట్లెక్కింది. పరిమళ గది బయట రేపటి ప్రారంభోత్సవానికి తోరణాలు కడుతున్నారు. మాణిక్యం తలుపు తోసుకుని వెళ్ళి, ఎదుటి కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఏం చేశారు మేడంగారూ?"

పరిమళ ముందు ఒత్తిడి అంది. తర్వాత వయసు అంది. "మీకు నలభైకి ముప్ఫై తొమ్మిది వచ్చాయి. అలాంటి మనిషికి ఏదో లోపం ఉందంటే ఎలా నమ్మమంటారు?"

"మీ పరీక్షలో ఉప్పు ఎక్కడుందండీ?"

"పోనీ రుచి చూసి సరిచేసుకోండి. అందరూ చేసేది అదే కదా."

"ఎంగిలి చెయ్యమంటారా? నైవేద్యానికి ముందు?" మాణిక్యం గొంతు పెరిగింది. "మీ పన్నెండుమందినీ అడిగారు కదా, ఏ ఇబ్బందీ లేదన్నారు కదా. వాళ్ళేం పని చేసేవాళ్ళండీ?"

పరిమళ తెర తిప్పుకుని పాత గీతలు తీసింది. పన్నెండు సన్నటి గీతలు, పక్కన మాణిక్యం గీత, చెట్టంత. ఆవిడ ముఖంలో రంగు మారడం మాణిక్యం కళ్ళారా చూసింది.

పన్నెండుమందీ ఇంజనీర్లు. పుట్టిన దగ్గర్నుంచీ మీటలు నొక్కడం తప్ప మరో పనిమీద చెయ్యి పెట్టనివాళ్ళు. వాళ్ళకి తేట పరిస్తే దానికింద నలగడానికి ఏమీ లేదు. ఎనిమిదేళ్ళలో ఈ సంస్థలో ఒక్కరికీ, చేత్తో పని చేసేవాళ్ళ మీద చూద్దామని తోచలేదు. చేత్తో చేసేది కూడా ఒక విద్యేనని వాళ్ళ లెక్కలో లేదు.

"డబ్బాలో పాతది తీసేసి కొత్తది పెట్టారు" అంది మాణిక్యం. "అంతేనా?"

"పూర్తిగా తియ్యలేదు." పరిమళ గొంతు తగ్గింది. "ఇరవై ఒక్క రోజుల వరకూ పాతది కిందనే ఉంటుంది. సిమెంటు ఆరకముందు గీకేసినట్టు తేటని గీకెయ్యొచ్చు. అదే కుర్చీ, నలభై నిమిషాల పని. మీ చెయ్యి మీకొస్తుంది, తేట పోతుంది. ఇరవై ఒక్క రోజులు దాటితే ఇక ఎవరివల్లా కాదు."

"అంటే ఎప్పటివరకు?"

"రేపు మధ్యాహ్నం పన్నెండు. నలభై నిమిషాలు కావాలి కాబట్టి పదకొండూ ఇరవైకల్లా మీరు కుర్చీలో ఉండాలి."

మాణిక్యం లేచి నిలబడింది. "ఇప్పుడే గీకెయ్యండి."

"ఇవాళ కుర్చీ విప్పేసి ఉంది, రేపటి కోసం కొత్త తీగలు వేస్తున్నారు. రేపు పదింటికి మునిసిపల్ కమిషనరుగారొస్తారు. మీరు ఆవిడ ముందు తేటలో ఒక పద్ధతి రాసి చూపించండి. పదకొండింటికి నేనే మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడతాను. ఈలోగా ఈ సంగతి బయట అనొద్దు."

"రేపు ఇంకెవరికైనా కడుతున్నారా ఈ పట్టీలు?"

పరిమళ చూపు బల్ల మీది కాగితాల మీదికి పోయింది. వాటిలో ఉన్న జాబితా మాణిక్యమే తీసి చదివింది. మూడువందలమంది. రేపు పన్నెండింటికి ఒకేసారి మొదలు, కొత్త పట్టీలకి కుర్చీ అక్కర్లేదని కింద రాసి ఉంది. దర్జీలు, నేతవాళ్ళు, కుమ్మరులు, పురుళ్ళ ఆసుపత్రి ఆయాలు. రెండో కాగితంలో తన జట్టులో మిగిలిన ఎనిమిదిమందీ ఉన్నారు. అందరికన్నా పైన లోవ పేరుంది.

"వీళ్ళకి చెప్తారా?"

"చెప్తాను. ముందు నేను సరిగా అర్థం చేసుకోవాలి కదా. ఒక్క మనిషిని చూసి ఎనిమిదేళ్ళ పని ఆపేస్తారా ఎవరైనా?"

"మూడువందలమందినీ గీకడానికి ఎన్ని కుర్చీలున్నాయండీ?"

"ఒకటి" అంది పరిమళ, ఆవిడకే వినబడనంత మెల్లగా.

జగన్నాథపురంలో ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. లోవ పెరట్లో అంట్లు తోముతోంది. మాణిక్యం ఉన్నదున్నట్టు చెప్పింది. రేపు పట్టీ కట్టించుకోవద్దంది. లోవ బూడిద చేతులతోనే లేచి నిలబడింది.

"నిన్న కూర తగలేసి, ఇవాళ కొత్త కత తెచ్చావా?"

"కత కాదే. నా చెయ్యి పోయింది. నీదీ పోద్ది."

"పొద్దున్న గవర్రాజుగారు ఫోను చేశారు. నీ తర్వాత మేస్త్రి నేనేనంట, తేట ఒక్కటీ వస్తే చాలంట." లోవ చేతుల బూడిద దులిపింది. "ఇరవై ఏళ్ళు నీ ఎనకాల తెడ్డు తిప్పాను వదినా. నీ పేరే గాని నా పేరెవడికైనా తెల్సా? ఇప్పుడు నాకొచ్చే వేళకి నీకు చెయ్యి పోయిందా? నీకు పోతే నాకు రాకూడదా?"

"నా మీద పగంటే తర్వాత తీర్చుకో. పట్టీ మాత్రం కట్టుకోకు."

"కట్టుకుంటాను. ఏం చేత్తావో చెయ్యి."

మాణిక్యానికి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం కింద భయం ఉంది. తనకి నేర్పినావిడ పోయింది. తన చెయ్యి పోయింది. ఆ చెయ్యి ఇప్పుడు లోకంలో ఒక్క లోవ దగ్గరే ఉంది, అది కూడా రేపు పన్నెండింటిదాకా. ఆ పూట ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెరో మూలా కూర్చుని తిన్నారు.

శుక్రవారం పదింటికి హాలు నిండిపోయింది. సభ అయ్యాక భోజనాల వంట మాణిక్యం జట్టుకే అప్పగించారు. మూడువందలమంది ఒళ్ళో మూడువందల పట్టీలు. వేదిక మీద కమిషనరుగారు, పరిమళ, గవర్రాజు, ఒక ఆవిరి గుండిగ. మాణిక్యం తెర ముందు కూర్చుని పప్పు ఉడికించే పద్ధతి రాసింది. గుండిగ చెప్పినట్టు వింది. 'వరకు' దగ్గర సరిగ్గా ఆగింది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగేలోగా ఆమె మైకు అందుకుంది.

"అమ్మా, అయ్యా, ఈ బాష నాకు బాగా వచ్చింది. ఇది వచ్చాక నా చేతిలో పని పోయింది. మీరు కుట్టేవాళ్ళు, నేసేవాళ్ళు, పురుళ్ళు పోసేవాళ్ళు. మీకూ పోద్ది. కట్టుకోకండి."

హాలంతా గోలైంది. పరిమళ నవ్వు తెచ్చిపెట్టుకుని, "కంగారుపడుతున్నారు" అంది. మాణిక్యం గుండిగ పక్కనున్న తూకం యంత్రం, ఉప్పు డబ్బా ముందుకి లాగింది. మేడంగారికి అంకెలే అర్థమౌతాయని ఆమెకి తెలుసు.

"లోవా, పైకి రా. పది కేజీల పొట్టుకి ఉప్పు తియ్యి. కళ్ళు మూసుకుని తియ్యి."

లోవ వచ్చింది. వదిన కోసం కాదు, తన పనితనం అందరికీ చూపించాలని. కళ్ళు మూసుకుని మూడుసార్లు గుప్పిట పట్టి తూకంలో వేసింది. నూటఎనభై రెండు గ్రాములు. నూటఎనభై. నూటఎనభై ఒకటి. తర్వాత మాణిక్యం వేసింది. తొంభై అయిదు. రెండువందల అరవై. నూటనలభై.

"దీనికి నేర్పింది నేను" అంది మాణిక్యం.

"కావాలని తప్పు వేస్తోందండీ" అని గవర్రాజు లేచాడు. "మొన్న నా మండపంలో పెళ్ళివంట తగలేసింది, దానికి సాకు వెతుక్కుంటోంది."

కమిషనరుగారు ఆలోచించి, "తప్పు వెయ్యడం ఎవరివల్లయినా అవుతుంది కదమ్మా" అంది. ఆ మాట తప్పు కాదు. మాణిక్యం లోవ వంక చూసింది. లోవ అప్పటికే వేదిక దిగిపోయి, పట్టీ గట్టిగా పట్టుకుని ఎటో చూస్తోంది.

గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. పరిమళ దగ్గరికొచ్చి చెవి దగ్గర వంగింది. "రండి. కుర్చీ సిద్ధంగా ఉంది. మీ చెయ్యి మీరు తెచ్చుకోండి. ఇక్కడ మీ మాట ఎవరూ నమ్మరు."

"మీరు చెప్తే నమ్ముతారు."

"మాణిక్యంగారూ."

"మైకులో చెప్పండి. ఈవిడ చెప్పేది నిజమేనని ఒక్క ముక్క. అప్పుడు వత్తాను."

"పదకొండూ ఇరవై దాటితే నేనేం చెయ్యలేను. తెలుసా మీకు?"

"మీరేగా చెప్పారు. తెలుసు."

మాణిక్యం వేదిక మీదున్న మామూలు కుర్చీలో కూర్చుంది. పరిమళ ఎదురుగా నిలబడింది. ఇద్దరి ఆలోచనా ఒకటే, అవతలి మనిషి లొంగుతుందని. తన చెయ్యి కళ్ళెదుట పోతుంటే ఈ మనిషి చూస్తూ కూర్చోదని పరిమళ నమ్మకం. తన కళ్ళెదుట ఒక మనిషి చెయ్యి పోతుంటే ఈవిడ చూస్తూ నిలబడదని మాణిక్యం నమ్మకం. కమిషనరుగారు పక్కవాళ్ళతో ఏదో మాట్లాడుతోంది. జనం కొందరు నవ్వుతున్నారు, కొందరు తొందరగా మొదలుపెట్టమంటున్నారు.

పదకొండూ పది. పరిగెత్తి ఆ గీకే కుర్చీలో పడాలని మాణిక్యానికి కాళ్ళు లాగుతున్నాయి. చెయ్యి లేకపోతే తనేమిటి? తేటలో రాసే మాణిక్యాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రేపొద్దున్న తన ముందు గుండిగ పొంగుతుంటే ఎవరినో పిలిచి అడగాలా? వెళ్ళిపోతే పోయె, వీళ్ళ ఖర్మ వీళ్ళది, అనుకుంది. నిజంగానే లేవబోయింది. ముందు వరసలో లోవ పట్టీ నుదుటికి పెట్టుకుని బిగువు సరిచూసుకుంటోంది. మాణిక్యం మళ్ళీ కూర్చుంది.

పదకొండూ పదిహేడు. పరిమళ మైకు వైపు ఒక అడుగు వేసి ఆగింది. పదకొండూ ఇరవై. మాణిక్యం గడియారం వైపు చూడటం మానేసి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, తలవంచుకుని ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడ్చింది గాని ముందు వరసల వాళ్ళందరికీ కనబడింది.

పదకొండూ ఇరవై నాలుగుకి పరిమళ మైకు లాక్కుంది.

"నిజమే" అంది. "ఈవిడ చెప్పిందంతా నిజమే. నిన్నటినుంచీ నాకు తెలుసు. పట్టీలు కింద పెట్టెయ్యండి. మాణిక్యంగారూ, లేవండి, ముప్ఫై ఆరు నిమిషాలున్నాయి, ప్రయత్నిద్దాం, లేవండి."

"సగంలో ఆగిపోతే?"

పరిమళ గడియారం వంక చూసింది. "రెండూ పోవచ్చు."

"అయితే వద్దు. నాలుగు నిమిషాల ముందు చెప్పాల్సింది మేడంగారూ." మాణిక్యం పమిటతో ముఖం తుడుచుకుంది. ఆవిడని క్షమించాలని ఎంత వెతుక్కున్నా మనసులో ఎక్కడా కనబడలేదు.

కమిషనరుగారు లేచి సభ ఆపించింది. ముందు ఒక ముసలి దర్జీ తన పట్టీ తీసి నేల మీద పెట్టాడు. తర్వాత ఆసుపత్రి ఆయాలు పెట్టారు. కాసేపటికి హాలంతా పట్టీలు నేలకి తగిలే చప్పుడే. గవర్రాజు ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

లోవ వేదిక ఎక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కృతజ్ఞత మాట దేవుడెరుగు, కొట్టేలా ఉంది.

"నిన్నెవరు కూర్చోమన్నారు?" అంది. "ఎల్లి ఆ కుర్చీలో పడొచ్చుగా. నేను వినకపోతే నా కర్మ. నిన్నెవరైనా అడిగారా? ఇప్పుడు గుండిగ గుండిగకీ ఉప్పు నేనే వెయ్యాలా? తప్పొత్తే నేనెవర్ని అడగాలి వదినా? జట్టులో ఎవత్తికి నేర్పాలన్నా నేనే నేర్పాలా? ఇంత బరువు నా ఒక్కదాని నెత్తినా పెడతావా?"

మాణిక్యం ఆమె కుడిచెయ్యి అందుకుని చూసింది. కాలిన మచ్చలు, గోళ్ళలో పసుపు, అరచేతి గీతల్లో ఇంకా ఉప్పు.

"మొయ్యి" అంది.

లోవ చెయ్యి లాక్కోలేదు.

"మోత్తాను" అంది ఏడుస్తూనే. "నీ మీద కోపం మాత్రం చచ్చేదాకా పోదు."

"పోనక్కర్లేదు" అంది మాణిక్యం. మధ్యాహ్నం భోజనాల వేళ దగ్గరపడుతోందని, హాల్లో మూడువందలమందికీ వండాల్సింది వాళ్ళ జట్టేనని గుర్తొచ్చి, ఇద్దరూ వేదిక దిగి వంటశాల వైపు నడిచారు. లోవ ముందు నడిచింది.